భర్తనంటూ వస్తే ఇస్తారా

వంటగది బల్ల దగ్గర,
ఆదివారం పొద్దున

మా తోకకి,

నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ రాత గుర్తుపట్టాను. ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరం ఎవరు రాస్తారు, ఎవరో పోయి ఉంటారని విప్పకుండా బల్ల మీద పెట్టి దాని చుట్టూ చాలాసేపు తిరిగాను. విప్పితే ఎవరూ పోలేదు. కానీ చదివాక ఎవరో పోయినంత పనైంది.

నా చదువు సంగతి నీకు తెలుసు. కూడబలుక్కుంటూ మళ్లీ మళ్లీ చదివాను. నాకు అర్థమైంది రాస్తాను, తప్పైతే చెప్పు. నీ దగ్గర కొన్ని వీడియోలు ఉన్నాయి. అవి మీ ఆయన కంట పడకూడదు. ఇంటర్నెట్‌లో అలాంటివి దాచుకునే చోట్లు ఉంటాయట, వాటిలో ఒకటి చూసి నా పేరు మీద తీసుకోమన్నావు. తాళం మనిద్దరి దగ్గరే ఉండాలన్నావు. ఆ కంపెనీవాడు కూడా లోపల ఏముందో చూడలేనిదై ఉండాలన్నావు. ఎందుకని అడగొద్దన్నావు.

ఎందుకు? ఏం వీడియోలు? కట్టుకున్నవాడికి కనపడకుండా దాచేటంతటివి ఏమున్నాయి నీ దగ్గర? ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నాను బాగున్నాను అంటావు కదా. పోనీ మీ మామయ్య ఉన్నాడు, నాలుగు ఊళ్లు తిరిగిన మనిషి, కంప్యూటర్ తెలిసినవాడు. నా తమ్ముణ్ణి వదిలేసి, టీవీ రిమోట్‌కే భయపడే నన్ను అడిగావంటే ఇందులో ఏదో ఉంది. నిన్నటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

రాయడానికి కూర్చునే ముందు, రోజూ ఇంట్లో తిరిగే నా చుట్టు ఒకసారి తిరిగొచ్చాను. గ్యాసు మీట, కుళాయి, కిటికీ గడియ, ఇస్త్రీ ప్లగ్గు, వెనక తలుపు, ముందు తాళం, మళ్లీ వెనక్కొచ్చి గ్యాసు మీట. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా మనసు కుదుటపడలేదు. మీ అమ్మ పోయాక నిన్ను తెచ్చుకున్న కొత్తలో నా కొంగు పట్టుకుని ఈ చుట్టంతా నాతో తిరిగేదానివి. అందుకే కదా నిన్ను తోక అన్నాం. ప్రతి దాని దగ్గరా “ఉంది పెద్దమ్మా, కట్టే ఉంది” అని నువ్వంటే గాని నేను ముందుకు కదిలేదాన్ని కాదు. ఇప్పుడు అనేవాళ్లు లేక ఒక్కోదాన్నీ రెండేసి సార్లు ముట్టుకుంటున్నాను.

వెంటనే జవాబు రాయి. రాకపోతే ఏదో అయిందనుకుంటాను. వచ్చినా అలాగే అనుకుంటాననుకో.

పెద్దమ్మ


ఇస్త్రీ గది,
భోజనం వేళ

పెద్దమ్మకి,

దుప్పట్ల గుట్ట మీద కాగితం పెట్టి రాస్తున్నాను, రాత వంకరపోతే తిట్టుకోకు. ఎప్పుడు రాసినా ఈ లాండ్రీ చిరునామాకే రాయి. ఇంటికి ఒక్కటి కూడా వద్దు. మా సూపర్‌వైజరమ్మ నా పేరు చూసి పక్కన పెడుతుంది, ఏమీ అడగదు.

అడగొద్దన్నా అడిగావు కాబట్టి చెప్తాను. ఆయన పని నీకు తెలుసు, ఇళ్లకీ దుకాణాలకీ కెమెరాలు బిగించడం. మా ఇంట్లో ముందు గుమ్మానికి ఒకటి పెట్టారు, దొంగల భయమని. తర్వాత హాల్లో. తర్వాత వంటగదిలో. వంటగదిలోకి ఏ దొంగ వస్తాడు పెద్దమ్మా? నా ఫోను ఆయన పేరు మీదే ఉంది. నేను ఫొటో తీస్తే ఆయన ఫోన్లోనూ పడుతుంది. ఎవరితో ఎంతసేపు మాట్లాడానో సాయంత్రం ఆయనే నాకు చెప్తారు. అందుకే నీకు బాగున్నానని చెప్పి పెట్టేస్తాను. కాగితం సంగతి ఒక్కటే ఆయనకి తట్టలేదు. మా ఇంట్లో పెన్ను కూడా లేదు.

పోయినసారి నేను మామయ్య ఇంటికి వచ్చేసినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? ఆయన కెమెరాలోంచి ఒక ముక్క తెచ్చి అందరికీ చూపించారు. అందులో నేను గిన్నె విసిరి అరుస్తున్నాను. అంతకు ముందుది లేదు. ఆయన నా మెడ పట్టుకుని గోడకి అదిమింది లేదు. అది కత్తిరించేశారు. మామయ్య ఆ ముక్క చూసి, “అతనెంత నెమ్మదస్తుడు, నీకే మతి చలించింది” అని నన్ను మళ్లీ కారెక్కించి ఆయన దగ్గర దింపాడు. అందుకే మామయ్యకి చెప్పలేదు.

ఇప్పుడు నా దగ్గర సిమ్ లేని పాత ఫోను ఉంది. ఇక్కడ నాతో పనిచేసే ఆమె ఇచ్చింది. దాన్ని పని బట్టల సంచిలో పెట్టి, సంచి చిరుగులోంచి వీడియో తీస్తున్నాను. మొదటి నుంచి చివరి దాకా, కత్తిరించనిది. లాయరమ్మని ఒకసారి దొంగచాటుగా కలిశాను. అవి నా పేరు మీద గాని, ఆయన చెయ్యి పడే చోట గాని ఉండకూడదని ఆవిడ చెప్పింది. ఆ ఫోను దొరికిందంటే అంతా పోయినట్టే. అవి లేకపోతే నేనెక్కడికి వెళ్లినా మళ్లీ కారెక్కించేవాళ్లే.

సూపర్‌వైజరమ్మ తన కంప్యూటర్ మధ్యాహ్నం కాసేపు ఇస్తానంది. చోటు నువ్వు చూసిపెడితే ఇక్కణ్ణుంచి ఒక్కొక్కటే అందులో వేస్తాను. ఏ చోటు మంచిదో చదువుతూ కూర్చునే తీరిక నాకు లేదు. నీకు తీరికా ఉంది, అనుమానమూ ఉంది. ఈ పనికి ఆ రెండే కావాలి.

నీ తోక


మెట్ల పక్క కుర్చీలో,
లైబ్రరీ నుంచి వచ్చాక

మా తోకకి,

మెడ గురించి రాశావు. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. దాని గురించి ఏమీ రాయలేను. చెప్పిన పని గురించి రాస్తాను.

మా వీధి చివర లైబ్రరీలో కంప్యూటర్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుంటుంది. నన్ను చూసి, “బామ్మగారూ, పత్రికలు అటు వైపు” అంది. పత్రికలు కాదమ్మా, సామాను దాచాలి అన్నాను. పాపం నవ్వలేదు. కుర్చీ జరిపి పక్కన కూర్చోబెట్టుకుంది. నీ సంగతి పూర్తిగా చెప్పలేదు, ఎవరి చెవిన పడుతుందో అని భయం.

నేను స్టేషన్లో సామాన్ల గదిలో పనిచేసినన్నాళ్లూ పద్ధతి ఏమిటో తెలుసా? ఎవరైనా టోకెన్ పోగొట్టుకొస్తే, పెట్టెలో ఏమున్నాయో చెప్పమనేవాళ్లం. చెప్పింది చెప్పినట్టు ఉంటే ఇచ్చేవాళ్లం. అంటే పెట్టె మేం తెరిచి చూసేవాళ్లమే కదా. ఇంకో పద్ధతి ఉండేది. ఆడమనిషి పెట్టిన సామాను కోసం ఆవిడ భర్తనంటూ ఎవరైనా వస్తే టోకెనే అడిగేవాళ్లం కాదు. భర్త కదా, ఇచ్చేసేవాళ్లం. పైవాళ్లు అలాగే చెప్పారు, పుస్తకంలోనూ అలాగే ఉండేది. కాబట్టి ఆ అమ్మాయి ఏ చోటు చూపించినా నేను ఒక్కటే అడిగాను. భర్తనంటూ వస్తే ఇస్తారా? నాలుగోసారికి ఆ అమ్మాయి నా మొహం వైపు ఒకలా చూసి, ఆ తర్వాత వాళ్ల షరతులన్నీ నెమ్మదిగా చదివి వినిపించడం మొదలుపెట్టింది. అవేమైనా చిన్న షరతులా, చదివేసరికి ఆ పిల్ల గొంతు ఎండిపోయింది.

మొదటిది అందరూ వాడేదట. బోలెడంత చోటు, ఊరికే ఇస్తారు. కానీ తాళంచెవి ఇంకోటి వాళ్ల దగ్గర ఉంటుంది. తాళం తీసే మాట, అదే పాస్‌వర్డ్, మర్చిపోయామంటే గుర్తింపు కాగితం చూసి తెరిచిపెడతారు. నీ గుర్తింపు కాగితాలు ఎక్కడున్నాయి? నీ పెళ్లైన వారానికే అవన్నీ తన బీరువాలో పెట్టుకున్నాడని అప్పుడే చెప్పావు. నా కాగితాలు నా దగ్గరున్నా, అడిగితే తీసిచ్చే రకం నేను. కాబట్టి అది వద్దు.

ఇంకోటి చూడ్డానికి ముచ్చటగా ఉంది, తాళం బొమ్మ కూడా వేశారు. కానీ మర్చిపోతే ఫోన్ నంబరుకి మెసేజ్ పంపుతారట, ఆ అంకెలు కొడితే తలుపు తెరుచుకుంటుందట. ఫోను ఎవరి చేతిలో ఉంటే వాడిదే ఇల్లన్నమాట. తాళం బొమ్మ వెయ్యడానికి సిగ్గుండాలి.

మిగిలింది ఒక్కటి. అందులో వేసేది మన కంప్యూటర్లోంచి బయటికి పోకముందే మన మాటతో కలగాపులగం అయిపోతుందట. వాళ్ల దగ్గరికి చేరేది చెత్తే. ఆ మాట వాళ్లకి తెలియదు. భర్త వచ్చినా, పోలీసు వచ్చినా వాళ్లు తెరవలేరు. “మరి నేనే వెళ్లి ఏడిస్తే?” అన్నాను. “మీరు ఏడ్చినా తెరవలేరు బామ్మగారూ. మాట మర్చిపోతే మీ సామాను మీది కూడా కాదు” అంది.

అది విని చటుక్కున లేచి నిలబడ్డాను. నాలాంటి మనిషికి అలాంటి తలుపు ఇవ్వచ్చా? బజారుకెళ్లి ఎందుకొచ్చానో మర్చిపోయి తిరిగొచ్చేదాన్ని. నీ బతుకంతా లోపల పెట్టి నేను బయట నిలబడి మాట మర్చిపోతే? రెండు వైపులా గోడలా ఉంది. నువ్వే చెప్పు.

పెద్దమ్మ


ఇస్త్రీ గది,
శనివారం

పెద్దమ్మకి,

ఏడ్చినా తెరవరన్నదే తీసుకో.

మర్చిపోతానని భయపడుతున్నావు. నువ్వు అన్నీ మర్చిపోతావు. కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికించావు. కానీ ఒక్కటి మాత్రం ఏనాడూ మర్చిపోలేదు. జ్వరంతో లేవలేని రోజు కూడా మంచం మీంచే నన్ను పంపి చేయించావు. నీ చుట్టు. నేను నీ వెనక నడిచిన దారి. ఆ దారిలో నీ చెయ్యి వేటి మీద పడుతుందో, వరసగా అవే మన మాట. చివర మళ్లీ మొదటి దానికే వస్తావు చూడు, అదీ కలిపి.

ఈ లోకంలో అది నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలిసినా, ముసలావిడ చాదస్తం అనుకుంటారు. కాగితం మీద మాత్రం రాయకు. ఇది చదివి చింపెయ్.

నిన్న సంచి వెతికారు. ఫోను దొరకలేదు, ఆ రోజు ఇక్కడే వదిలేశాను. ఇంక ఎన్నాళ్లు దొరకకుండా ఉంటుందో తెలియదు. తొందరగా చూడు.

తోక


వంటగది బల్ల దగ్గర,
ఊపిరి పీల్చుకుని

మా తోకకి,

పని పోయిన వారమే అయింది. లైబ్రరీ అమ్మాయిని అటు తిరగమని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. నేను కొట్టిందల్లా చుక్కలు చుక్కలుగా పడింది. చుక్కల్లో తప్పు పడితే ఎలా తెలుస్తుందమ్మా అంటే, మళ్లీ కొట్టమంటుంది లెండి అంది. మళ్లీ కొట్టాను. కుదిరింది. దాన్లోకి వెళ్లే దారి వేరే కాగితం మీద రాయించి ఆ రోజే పోస్టులో వేశాను, అందే ఉంటుంది. మాట నీకు తెలుసు.

ఒక భయం పట్టుకుంది. నా మొదటి ఉత్తరంలో ఆ వస్తువులన్నీ వరసగా రాసి చచ్చాను కదా. ఆ ఉత్తరం ఏం చేశావు? చింపావా? చింపి ఎక్కడ వేశావు?

నువ్వు వేస్తున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. నిన్న వెళ్లి చూస్తే అందులో మూడు ఉన్నాయి. తెరవలేదు. తెరిస్తే అందులోనూ నీ మెడ అలాగే చూడాలేమో.

నిన్న అది చూసి బయటికి వచ్చే ముందు వాళ్లు ఇంకో ప్రశ్న అడిగారు. మీకేదైనా అయితే మీ తర్వాత తెరవడానికి నమ్మకమైన మనిషి ఎవరైనా ఉన్నారా, నంబరు ఇస్తారా అని. ఇవ్వకపోయినా ఫర్వాలేదట. “దాటెయ్యండి బామ్మగారూ” అంది ఆ అమ్మాయి. నేను దాటలేకపోయాను. రెండో తాళంచెవి లేని తలుపు నా వల్ల కాదు తల్లీ. రేపు పొద్దున నేను లేవకపోతే? నీకు బెంగతో ఆ మాట గుర్తుకు రాకపోతే? అందుకని నీ నంబరు ఇచ్చాను. ఆ మనిషి తెరవమని అడిగితే వాళ్లు రెండు వారాలు ఆగుతారట. ఈలోగా నేను వద్దని నొక్కకపోతే నేను లేనట్టు లెక్కగట్టి, ఇప్పుడే ఆ నంబరు పేర సీలేసి పెట్టిన రెండో తాళంచెవి ఆ మనిషికి పంపుతారట, ఆ సీలు వాళ్లు మాత్రం విప్పలేరట. నీ నంబరే కదా, పరాయివాళ్లది కాదు కదా. చాలా రోజుల తర్వాత నిన్న కంటినిండా నిద్రపోయాను.

పెద్దమ్మ


బట్టలు ఆరబెట్టే గది,
నిలబడి రాస్తున్నాను

పెద్దమ్మకి,

నిన్ను తిట్టను. తిట్టే టైం కూడా లేదు.

నువ్వు నా నంబరు ఇచ్చావు. నా నంబరంటే ఆయన నంబరే పెద్దమ్మా. కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది, ఫలానావారు మిమ్మల్ని నమ్మకమైన మనిషిగా పెట్టుకున్నారని, నీ పేరుతో. ఆయన భోజనం చేస్తూ చదివారు. కోప్పడలేదు. “మీ పెద్దమ్మకి ఇంటర్నెట్‌లో దాచుకునే ఆస్తులు కూడా ఉన్నాయా” అని నవ్వారు. నా ముందే తెరవమని అడిగే మీట నొక్కారు. చెయ్యి కడుక్కొచ్చి, “అత్తయ్యగారిని చూసి చాలా రోజులైంది, శుక్రవారం వెళ్తాను” అన్నారు.

వచ్చేది నిన్ను చూడటానికి కాదు. రెండు వారాలూ నువ్వు ఆ వద్దన్న మీట నొక్కకుండా కాపలా కాయడానికి. నీ ఫోన్లో నొక్కొద్దు, అది ఆయన చేతిలోకి పోతుంది. ఎలాగైనా లైబ్రరీకి వెళ్లు.

పాత ఫోన్లోవి అన్నీ తుడిచేశాను, అక్కడ భద్రంగా ఉన్నాయి కదా అని. ఇంకో కాపీ లేదు. లాయరమ్మ ఊళ్లో లేదు, నెలాఖరుకి గాని రాదు. తలుపు ఆయనకి తెరుచుకుంటే, అన్నీ చూసి, చెరిపేసి, తర్వాత నా దగ్గరికి వస్తారు.

ఈ ఉత్తరం ఆయనకంటే ముందు నిన్ను చేరాలి.

తోక


లైబ్రరీ, కిటికీ పక్క కుర్చీలో,
చెప్పులు మార్చుకోకుండా

మా తోకకి,

నొక్కాను. ముందు అది రాసేస్తున్నాను, మిగతాది చదివేదాకా నీ ప్రాణం నిలవదు. వద్దని నొక్కాను. నమ్మకమైన మనిషిని తీయించేశాను. వీడియోలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున వచ్చింది. చదివి, నానబెట్టి, ముద్దచేసి పారేసి లైబ్రరీకి పరిగెత్తాను. సెలవు. తలుపు ముందు బల్ల మీద కూర్చుని, తెరుచుకునే తలుపు కాదని తెలిసినా చూస్తూ ఉండిపోయాను. ఇంటికి వచ్చేసరికి మీ ఆయన గుమ్మంలో ఉన్నాడు, సంచీ పట్టుకుని. “ఒంటరిగా ఎక్కడికి వెళ్లారు అత్తయ్యగారూ, ఈ వయసులో?” అన్నాడు. ఎంత నెమ్మదిగా అన్నాడో. ఆ గొంతు వింటే ఎవరైనా నిన్నే కారెక్కిస్తారు.

నా ఫోను నెమ్మదించిందట, బాగుచేస్తానని తీసుకున్నాడు. హాల్లో గోడకి కెమెరా బిగించాడు, అది వంటగదినీ ముందు తలుపునీ కూడా చూస్తుందట. నేను పడిపోతే తనకి తెలియాలట. అది మాట్లాడుతుంది కూడా. తను కింద సిగరెట్ కాలుస్తుంటే గోడలోంచి “అత్తయ్యగారూ, ఏం వెతుకుతున్నారు?” అని వినిపించేది. కుర్చీ తలుపు దగ్గరే వేసుకున్నాడు. బజారుకంటే తనూ వచ్చాడు. గుడ్డసంచీ తనే మోశాడు. ఎదురింటావిడ నన్ను చూసి, “అదృష్టవంతురాలివి, ఎంత మంచి అల్లుడు” అంది. ఔనన్నాను. ఏమనాలి?

అన్నిటికంటే పెద్ద కష్టం నా చుట్టు. తాళం అదే కదా. రోజూ సాయంత్రం ఆయన కళ్లముందే, ఆ కెమెరా ముందే, నేను తాళం విప్పి చూపించినట్టే కదా. మొదటి రోజు గ్యాసు దగ్గరికి వెళ్లి చెయ్యి చాపి ఆగిపోయాను. అక్కణ్ణుంచి కావాలని తప్పు వరసలో తిరిగాను. ముందు కిటికీ, తర్వాత తలుపు, మధ్యలో ఊరికే మంచం కోడు కూడా ముట్టుకున్నాను. నీకు నవ్వొస్తుందేమో గాని, అలా తిరిగిన రోజున నాకు ఏదీ మూసినట్టే ఉండదు. పడుకుని కళ్లు తెరిచి, మనసులో సరైన వరసలో తిరిగేదాన్ని. ఇంట్లో ఉన్న తలుపులన్నీ మూసే ఉన్నాయి, నేనే లోపల ఉన్నాను.

ఎలా బయటపడ్డానో చెప్తాను. నా చాదస్తమే గతి అయింది. కింద గేటు వేశానో లేదో అని దిగడం మొదలుపెట్టాను. మొదట్లో ఆయనా నాతో దిగాడు. చూసి పైకి వస్తాను, కూర్చుంటాను, లేస్తాను, మళ్లీ గేటు. “ఇప్పుడే చూశాం కదా అత్తయ్యగారూ.” చూశాం బాబూ, కానీ సరిగ్గా చూశామా? మళ్లీ దిగేదాన్ని. కొన్నాళ్లకి తను మెట్ల పైనే నిలబడ్డాడు. తర్వాత కుర్చీలోంచి కేకేశాడు. తర్వాత అది కూడా మానేశాడు. నిన్న ఫోన్లో ఎవరితోనో, “ముసలావిడకి పూర్తిగా పోయింది” అంటుంటే విన్నాను. ఈ మాట కోసమే కాచుకున్నాను.

రేపటితో గడువు సరి. ఈ పొద్దున గేటు చూడ్డానికి దిగి, గేటు తీసుకుని బయటికి వచ్చేశాను. కాళ్లకి ఒకటి నాది, ఒకటి ఆయనది చెప్పు.

ఇక్కడ కూర్చుని మాట కొడితే తప్పంది. మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పంది. ఇన్ని రోజులూ తప్పు వరసలో తిరిగీ తిరిగీ నా చేతికి అదే పట్టుబడిపోయింది. ఎక్కడ మొదలుపెట్టినా ఆ మంచం కోడు అడ్డొస్తోంది. ఆ అమ్మాయి నా వీపు మీద చెయ్యి వేసింది. అటు తిరుగమ్మా అని కళ్లు మూసుకున్నాను. నా కొంగు వెనక బరువుగా ఉందనుకున్నాను. ఒకటి ముట్టుకున్నాను. ఉంది పెద్దమ్మా, కట్టే ఉంది అన్నావు. రెండోది. ఉంది పెద్దమ్మా. నువ్వు అన్నాకే తర్వాతదానికి కదిలాను. చివర మళ్లీ మొదటికి వచ్చేసరికి తలుపు తెరుచుకుంది.

మాట మార్చేశాం. కొత్తది లాయరమ్మ వచ్చాక ఆవిడకే నోటితో చెప్తాను.

గ్యాసు కట్టానో లేదో చూసుకోకుండా వచ్చాను తల్లీ. నా జన్మలో మొదటిసారి. వెళ్తున్నాను.

పెద్దమ్మ


ఎక్కడో రాయకూడదట,
లాయరమ్మ చేతికిచ్చి పంపుతున్నాను

పెద్దమ్మకి,

ఆయన నీ గుమ్మంలో కాపలా కూర్చున్నన్ని రోజులూ మా ఇంట్లో కెమెరాలే ఉన్నాయి, మనిషి లేడు. అది నాకు ఆలస్యంగా తట్టింది. కెమెరా చూస్తుంది గాని చెయ్యి పట్టుకుని ఆపలేదు కదా. నీ ఉత్తరం చేరేసరికి ఆయన ఇంకా తిరిగి రాలేదు, ఆ రోజు నేను లాండ్రీ నుంచి ఇంటికి వెళ్లలేదు. సూపర్‌వైజరమ్మ తన ఇంట్లో ఉంచింది, లాయరమ్మ వచ్చేదాకా. నా ఫోను తీసి ఉతకాల్సిన దుప్పట్లలో పడేశాను. అది నేను ఇస్త్రీ గదిలోనే ఉన్నట్టు ఆయనకి చాలాసేపు చూపించి ఉంటుంది.

మామయ్యని లాయరమ్మ ఆఫీసుకి పిలిపించింది. కత్తిరించిన ముక్క చూసిన రోజు ముందుకు వంగి చూసిన మనిషి, నా వీడియో మొత్తం నడుస్తుంటే కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. “ఆపండమ్మా” అన్నాడు. లాయరమ్మ ఆపలేదు. అయిపోయాక మంచినీళ్లు అడిగాడు. “కారు కిందే ఉంది, ఎక్కడికి వెళ్లాలో చెప్పు, దింపుతాను” అన్నాడు. చెప్పకూడదు మామయ్యా అన్నాను. తలూపి, నాకంటే ముందే మెట్లు దిగిపోయాడు.

జడ్జి ముందు కూడా అదే చూపిస్తారు. ఇంకా చాలా ఉందట. లాయరమ్మ చేర్చిన ఈ ఆశ్రయంలో నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. బయటికి వెళ్లాలంటే రాసి వెళ్లాలి, కిటికీ దగ్గర నిలబడకూడదు. ఇదీ ఒక గదే. కానీ గడియ లోపలి వైపు ఉంది.

నేనెక్కడ ఉన్నానో నీకు కూడా చెప్పకూడదన్నారు. ముందు కోపం వచ్చింది. తర్వాత ఆలోచించాను. నీకు తెలియకపోతే ఎవరూ నీ దగ్గర రాబట్టలేరు. నువ్వు ఏడ్చినా చెప్పలేవు. అలాంటి చోటు ఎంచింది నువ్వే కదా.

మన సామాన్ల గది అప్పుడప్పుడు చూస్తూ ఉండు.

తోక


హాల్లో, కెమెరాకి వీపు పెట్టి

మా తోకకి,

లాయరమ్మ చేతికిచ్చే ఈ ఉత్తరం అక్కణ్ణుంచి ఎటు పోతుందో తెలియకుండా రాయడం ఎలా ఉందంటే, నూతిలోకి మాట్లాడినట్టుంది. అయినా రాస్తున్నాను.

గడువు దాటినా తలుపు తెరుచుకోక సంచీ సర్దుకుని వెళ్లిన మీ ఆయన, అదే, వాడు, మళ్లీ వచ్చాడు. ఈసారి సంచీ లేదు. నువ్వెక్కడున్నావని అడిగాడు. తెలియదన్నాను. అత్తయ్యగారూ అని నెమ్మదిగా అడిగాడు, తెలియదన్నాను. గారు తీసేసి అడిగాడు, తెలియదన్నాను. నా జన్మలో ఇంత ధైర్యంగా ఏదీ చెప్పలేదు, ఎందుకంటే నిజంగానే తెలియదు. ఎదురింటావిడ తలుపు తీసి చూస్తుంటే దిగి వెళ్లిపోయాడు. మంచి అల్లుడన్న మాట మళ్లీ అనలేదు ఆవిడ.

గోడ మీద కెమెరా ఇంకా ఉంది. మీ మామయ్య నిచ్చెన పట్టుకుని వచ్చాడు పీకేస్తానని. వద్దన్నాను. లాయరమ్మ కూడా తీసేయచ్చంది. నేనే ఉంచాను. వాడి కన్ను నా మీద ఉన్నంతసేపు నిన్ను వెతకడం మీద ఉండదు కదా. నువ్వు నా దగ్గరికి వస్తావని కాచుకుని ఉంటాడు. కాచుకోనీ. అప్పుడప్పుడు గోడలోంచి గొంతు వస్తుంది, “ఎక్కడికి?” అని. గేటుకి బాబూ అంటాను. ఇంక నా చుట్టు దాచుకోవలసిన పని లేదు. మాట మారింది కాబట్టి కెమెరా ముందే సరైన వరసలో తిరుగుతున్నాను, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. చూసి చూసి వాడికి కూడా గ్యాసు బెంగ పట్టుకోవాలి.

కానీ నిజం చెప్తున్నాను, నీ బెంగ మాత్రం తీరడం లేదు. ఇదివరకు కనీసం ఏ ఇంట్లో కష్టపడుతున్నావో తెలిసేది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నీ చుట్టూ గోడలే కనిపించడం లేదు. పొయ్యి ఎటు ఉందో, పడుకునే ముందు కట్టావో లేదో. ఆ తలుపు గట్టిదో కాదో. అడిగే దారి లేదు, చెప్పే దారి నీకు లేదు.

నువ్వు రాశావని నిన్న లైబ్రరీకి వెళ్లి సామాన్ల గది తెరిచాను. ఆ పాత వీడియోల కింద కొత్తగా కొన్ని ఫొటోలు ఉన్నాయి. ఏవో కోర్టు కాగితాలనుకున్నాను. లైబ్రరీ అమ్మాయి పెద్దది చేసి చూపించింది. ఒక గ్యాసు మీట. కట్టే ఉంది. తర్వాత ఒక కుళాయి. తర్వాత ఎవరిదో కిటికీ గడియ, దాని మీద నీ వేలు. ప్లగ్గు. వెనక తలుపు. ముందు తలుపు గొళ్లెం. ఆఖరున మళ్లీ అదే గ్యాసు మీట. ఎక్కడా మనిషి లేదు, ఊరు లేదు, ఒక్క మాట లేదు.

“ఏమిటి బామ్మగారూ ఇవి?” అంది ఆ అమ్మాయి. ఏమీ లేదమ్మా, మా పిల్ల ఇల్లు అన్నాను. ఒక్కొక్కటే మెల్లగా జరపమని, ప్రతి దాని దగ్గరా ఆగాను. ఆగిన చోటల్లా నువ్వన్నది వినపడింది.

అన్నీ బాగున్నాయి. ముందు తలుపు గొళ్లెం ఫొటో ఒక్కటే కొంచెం మసగ్గా వచ్చింది. దాన్ని మళ్లీ తీసి పెట్టు తల్లీ. వేసుందో లేదో నాకు సరిగ్గా కనపడలేదు.

పెద్దమ్మ